బ్లాబ్ ఫిష్ అసలు మొహం ఇది కాదు!

గులాబీ రంగులో, ముక్కు వేలాడేసుకుని, ఏడుపు మొహంతో ఉండే ఒక చేప ఫోటో మీ వాట్సాప్‌కి ఎప్పుడో ఒకసారి వచ్చే ఉంటుంది. అదే బ్లాబ్ ఫిష్. 2013లో బ్రిటన్‌లో జరిగిన ఒక ఓటింగ్‌లో ప్రపంచంలోనే అత్యంత వికారమైన జంతువు అని దీనికి టైటిల్ కూడా ఇచ్చేశారు. కానీ నిజంగా అది దాని మొహమేనా? కాదు. ఎందుకో చూద్దాం.

ఆ ఫోటో 2003లో, న్యూజిలాండ్‌కి వాయవ్యంగా ఉన్న సముద్రంలో, ఒక రీసెర్చ్ షిప్ మీద తీసింది. అంటే నీళ్లలోంచి బయటికి లాగేసిన చేప అన్నమాట.

దీని కుటుంబం పేరు సైక్రోల్యుటిడే. పెద్ద తల, సన్నబడుతూ వెళ్లే తోక, అచ్చం తోకకప్పలా ఉంటాయి. చర్మం వదులుగా ఉంటుంది, పొలుసులుండవు. కొన్నింటికి ఒంటిమీద చిన్న చిన్న ముళ్లుంటాయి.

బ్లాబ్ ఫిష్ ఉండేది సుమారు 600 నుంచి 1200 మీటర్ల లోతులో. 1000 మీటర్ల దగ్గర ప్రెజర్ ఎంతో తెలుసా? మీ బొటనవేలి గోరంత చోటు మీద దాదాపు 100 కేజీలు. అంటే నాలుగు పాతిక కేజీల బియ్యం బస్తాలు!

మరి అది నలిగిపోదా? ఇక్కడే ఉంది అసలు విషయం. మార్కెట్లో బొచ్చె చేప కోసేటప్పుడు లోపల తెల్లటి బెలూన్ లాంటిది చూసే ఉంటారు. అది గాలితిత్తి. చేప తేలడానికి పనికొస్తుంది. గాలి నింపిన బాటిల్‌ని లోతుకు తీసుకెళ్తే నొక్కుకుపోతుంది. నీళ్లు నింపినదైతే నొక్కుకుపోదు. బ్లాబ్ ఫిష్‌కి గాలితిత్తే లేదు. దాని బదులు ఒళ్లంతా జెల్లీ లాంటి కండ, నీటికన్నా కాస్త తేలిక. ఎముకలు మెత్తన, కండరాలు తక్కువ. అందుకే ఈత కోసం పెద్దగా కష్టపడకుండా నేలకి దగ్గరగా ఉండి, దగ్గరికొచ్చిన పీతల్నీ నత్తల్నీ మింగేస్తుంది. తిండి దొరకడమే కష్టమైన చోట ఇది మంచి పొదుపు.

ఇప్పుడు అదే ఒంటిని పైకి లాగితే? చుట్టూ పట్టి ఉంచే నీటి ఆసరా పోతుంది, వలలో దెబ్బలు తగులుతాయి. ఆకారం జారిపోతుంది. మనం నవ్వుకున్నది ఆ జారిపోయిన రూపాన్ని చూసి! లోతులో ఉన్నప్పుడు అది మామూలు చేపలాగే కనిపిస్తుంది.

ఇంకో మాట. ఇదే కుటుంబంలోని ఒక చేప తన గుడ్ల దగ్గరే ఉండి కాపలా కాయడం కాలిఫోర్నియా తీరానికి దూరంగా, సముద్రం అడుగున కెమెరాలకు చిక్కింది.

బ్లాబ్ ఫిష్‌ని ఎవరూ కావాలని పట్టరు. వేరే చేపల కోసం సముద్రం అడుగును ఈడ్చే ట్రాల్ వలల్లో పడిపోతుంది. 2025లో న్యూజిలాండ్ జనం దీన్నే 'ఫిష్ ఆఫ్ ది ఇయర్'గా ఓటేసి గెలిపించారు. ఈసారి ఆ స్టిక్కర్ పంపేవాళ్లకి ఈ కథ కూడా పంపండి. మీకేమనిపించిందో కామెంట్‌లో చెప్పండి.