మోత పెరిగింది, నడక పెరగలేదు



ఇవాళ్టి మాట మోటారు సైకిలు గురించి. బండి సంగతి మగవాళ్లు చూసుకుంటారులే అనుకోవద్దు. దాన్ని బాగు చేయించే డబ్బు ఇంటి డబ్బే. పాలు కేంద్రానికి చేరాలన్నా, జ్వరం వచ్చిన పిల్లను ఆసుపత్రికి తీసుకుపోవాలన్నా ఆ బండే దిక్కు. ఇప్పుడు బండి నడిపే ఆడవాళ్లూ తక్కువేం లేరు.

హీరో హోండా పేరున్న పాత బండ్లు పల్లెల్లో ఇంకా తిరుగుతున్నాయి. సి.డి. 100 బండి 1985లో వచ్చింది. స్ప్లెండర్ 1994లో వచ్చింది. 2011లో కంపెనీ పేరు మారింది గానీ, పాత బండ్ల మీద పాత పేరే ఉంది. ఇట్లాంటి బండ్లకు వచ్చే ఒక జబ్బు క్లచ్ జారడం.

ఒక ఇల్లు అనుకోండి. ఆ ఇంట్లో రెండు గేదెలు. తెల్లవారకముందే ఆమె పాలు పిండుతుంది. ఆయన క్యాను బండికి కట్టుకుని బయలుదేరతాడు. చదును బాటలో బండి బాగానే పోతుంది. చెరువు కట్ట ఎక్కేటప్పుడు మాత్రం ఇంజిను గుయ్యిమని అరుస్తుంది, బండి ముందుకు పోదు. ఆలస్యమైతే పాలు విరిగిపోతాయి. ఒకరు చూసి "బోరు పోయింది, ఇంజిను విప్పాలి" అన్నారు. ఇంజిను విప్పితే ఎన్ని నెలల పాల డబ్బు పోతుందో! ఆమె ఒకరోజు వెనక కూర్చుని వెళ్లింది. చెవి పెట్టి వింది. "ఏమయ్యా, మోత పెరుగుతోంది గానీ చక్రం జోరు పెరగడం లేదు. మధ్యలో ఏదో జారుతోంది" అంది.

సరిగ్గా చెప్పింది. ఇంజినుకూ చక్రానికీ మధ్య ఉండేదే క్లచ్.

రెండు అరచేతులూ ఒకదానికొకటి గట్టిగా అదిమిపెట్టండి. ఒక చేతిని తిప్పండి. రెండోదీ దానితో తిరుగుతుంది. ఇప్పుడు పట్టు వదులు చేసి తిప్పండి. ఒక చెయ్యే తిరుగుతుంది, రెండోది ఊరికే ఉంటుంది. క్లచ్ పని ఇంతే. లోపల గుండ్రటి ప్లేట్లు వరసగా ఉంటాయి. కొన్ని ఇంజినుతో తిరుగుతాయి, కొన్ని గేర్లతో తిరుగుతాయి. స్ప్రింగులు వాటిని అదిమి పట్టుకుంటాయి. ఎడమచేతి లివరు నొక్కితే పట్టు వదులుతుంది. గేరు మార్చి లివరు వదిలితే పట్టు మళ్లీ బిగుస్తుంది. లివరు పూర్తిగా వదిలినా పట్టు బిగవకపోతే, అదే క్లచ్ జారడం.

బోరు పోయిందా, క్లచ్ జారుతోందా? ఎట్లా తెలుస్తుంది? బోరు పోయిన బండి వెనక నీలం పొగ వస్తుంది. ఇంజిన్ ఆయిలు తగ్గిపోతూ ఉంటుంది. ఇంజినుకే బలం ఉండదు కాబట్టి మోత కూడా పెరగదు. క్లచ్ జారే బండికి మోత పెరుగుతుంది, వేగం పెరగదు. పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఒక్కోసారి మాడిన వాసన వస్తుంది. ఎదురుగా ఎవరూ రాని చదును రోడ్డు మీద టాప్ గేరులో మామూలుగా పోతూ, ఒక్కసారి రైజ్ చేయమనండి. మోత మాత్రమే పెరిగిందా, బండి కూడా ఉరికిందా? వెనక కూర్చున్న మనిషికి కూడా ఈ తేడా తెలిసిపోతుంది.

క్లచ్ జారుతోందని తేలినా వెంటనే ప్లేట్లు మార్చమనకండి. ముందు వైరు చూడాలి. ఇంజిను ఆపి, క్లచ్ లివరు చివరను ఒక్క వేలితో మెల్లగా లాగి చూడండి. మొదట కొంచెం దూరం తేలిగ్గా రావాలి, ఆ తర్వాతే బిగువు తగలాలి. ఈ బండ్లకు ఆ వదులు 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలి. అంటే సుమారు ఒక వేలు వెడల్పు. అసలు వదులే లేకపోతే ఎవరో లివరును ఎప్పుడూ కాస్త నొక్కి పట్టుకున్నట్టే లెక్క. ప్లేట్లు అరిగేకొద్దీ ఈ వదులు తగ్గిపోతూ ఉంటుంది. అందుకే పాత బండికి అప్పుడప్పుడూ సరిచేస్తూ ఉండాలి.

లివరు దగ్గర వైరుకు ఒక మర, దాన్ని బిగించే లాక్ నట్టు ఉంటాయి. లాక్ నట్టు వదులు చేసి, మరను లోపలికి తిప్పితే వైరు వదులవుతుంది. సరిపోయాక లాక్ నట్టు బిగించాలి. అక్కడ చాలకపోతే వైరు రెండో కొస ఇంజిను దగ్గర ఉంటుంది. అక్కడి నట్లు పానాతో తిప్పాలి. ఇంజిను వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది, చల్లారేదాకా ఆగండి. వదులు మరీ ఎక్కువైనా మంచిది కాదు. అప్పుడు గేర్లు సరిగా పడవు, లివరు నొక్కి ఉన్నా బండి ముందుకు పాకుతుంది. వైరు తుప్పుపట్టి, లివరు వదిలినా వెనక్కు రాకపోతే వైరు మార్చడమే మేలు.

వైరు బాగుంటే ఆయిలు సంగతి అడగండి. ఈ బండ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిలులోనే తడుస్తూ తిరుగుతాయి. కార్లకు వాడే ఆయిళ్లలో కొన్నిటికి జారుడు పెంచే మందు కలుపుతారు. కారుకు అది మంచిదే, మన క్లచ్‌కు చెరుపు. ఎవరో మిగిలిన ఆయిలు చవగ్గా ఇచ్చారని పోయించకండి. బండి ఆయిలు డబ్బా మీద జాసో ఎం.ఏ. అనో, ఎం.ఏ. 2 అనో రాసి ఉండాలి. ఎం.బి. అని ఉంటే ఈ బండ్లకు వద్దు. ఆ అక్షరాలు ఇంగ్లీషులో ఉంటాయి. బడికి పోయే పిల్లతో చదివించి చూసుకోండి.

ఇంకో మాట. లివరు మీద ఎప్పుడూ వేళ్లు ఆనించి, సగం నొక్కి నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు. దీన్నే హాఫ్ క్లచ్ అంటారు. ప్లేట్లను ఇంతకంటే తొందరగా తినేసే అలవాటు ఇంకొకటి లేదు. బరువుతో కట్ట ఎక్కేటప్పుడు క్లచ్ పట్టుకోవడం కాదు, గేరు తగ్గించాలి.

వైరు, ఆయిలు రెండూ బాగున్నా జారుతుంటే అప్పుడు ప్లేట్లు అరిగినట్టో, స్ప్రింగులు నీరసించినట్టో అనుకోవాలి. అది మెకానిక్ పని. ఆయిలు తీసి, ఇంజిను పక్క మూత విప్పుతాడు. ఆ పని జరిగేటప్పుడు దగ్గర నిలబడండి. పాత ప్లేటును కొత్త ప్లేటు పక్కన పెట్టి చూపించమనండి. అరుగుదల కొలిచి చెప్పమనండి. రాపిడి ప్లేట్లు ఒకటీ అరా కాకుండా సెట్టంతా మార్చాలి. మధ్యలో ఉండే ఇనుప ప్లేట్లు వేడికి నీలం రంగు తిరిగాయా, వంగాయా అన్నదీ చూడాలి. కొత్త రాపిడి ప్లేట్లను ఆయిలులో నానబెట్టాకే బిగించాలి. పొడిగా వేస్తే మొదటిరోజే మాడిపోవచ్చు. పని అయ్యాక లివరు వదులు మీరే ఒకసారి వేలితో లాగి చూడండి. కొన్నాళ్లు తిరిగాక ఇంకోసారి చూడండి.