సీటు దొరికిన తర్వాత



ఏ మాస్టారి పేరు మీద ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆయనకు పొగడ్తలంటే చిరాకు. అందుకని ఒక్క సంగతి చెప్పి విషయంలోకి వస్తాను. విద్యార్థి రాసిచ్చిన అధ్యాయాన్ని ఆయన వారం దాటి తన దగ్గర ఉంచుకునేవారు కాదు. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నేను ఈరోజు మాట్లాడబోయేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

మనం కూర్చున్న ఈ చిక్కడపల్లిలోనే సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది. పొద్దున గేటు తీసే వేళకే కుర్రాళ్లు బ్యాగులతో నిలబడి ఉంటారు. అక్కడ, అశోక్‌నగర్ గల్లీల హాస్టళ్లలో గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లలో పీహెచ్‌డీలో చేరి మధ్యలో వదిలేసినవాళ్లూ తగులుతుంటారు. ఎక్కువమంది ఇంట్లో మొదటిసారి డిగ్రీ చూసినవాళ్లే. ఎందుకొచ్చావంటే ఉద్యోగం కోసమంటారు. అదీ నిజమే. ఇంకాసేపు కూర్చుని టీ తాగితే రెండో మాట బయటికొస్తుంది: “పరీక్షలో హాల్‌టికెట్ నంబరొక్కటే సార్, గైడ్ మొహం చూడక్కర్లేదు.” ప్రశ్నపత్రాల లీకులు, వాయిదాలు, కోర్టు కేసులు అన్నీ చూసినవాళ్లే ఈ మాట అంటున్నారు. 2024 అక్టోబర్‌లో గ్రూప్-1 నియామకాల జీవో 29 మీద ఇదే అశోక్‌నగర్‌లో రోడ్డెక్కిందీ ఇక్కడి అభ్యర్థులే. అంత జరిగినా పరీక్షను నమ్మినంతగా యూనివర్సిటీని నమ్మడం లేదంటే తప్పు వాళ్లది కాదు.

పరిశోధనలో సీటు దొరికేదాకా చట్టం తోడుంటుంది. రిజర్వేషన్ ఉంది, రోస్టర్ ఉంది, అన్యాయం జరిగితే కోర్టు ఉంది. చేరిన మర్నాటి నుంచి అంతా ఒక్క మనిషి సంతకం మీద నడుస్తుంది. గైడ్‌గా ఎవరు ఒప్పుకుంటారు, అంశం ఎవరికి నచ్చుతుంది, ఫెలోషిప్ కాగితం ఏ టేబుల్ మీద ఆగింది, సెమినార్‌కు ఎవరి పేరు పంపుతారు అన్నవి ఏ చట్టానికీ అందవు. ఆ మనిషి మంచివాడైతే బతుకు, కాకపోతే లేదు. మంచితనం మీద నడిచే చోట, ఇంట్లో చదువుకున్న పెద్దలూ డిపార్ట్‌మెంట్‌లో తెలిసినవాళ్లూ లేని పిల్లలే ముందు నష్టపోతారు.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సెంథిల్ కుమార్ అనే దళిత విద్యార్థి భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీకి చేరాడు. తమిళనాడు సేలం ప్రాంతం నుంచి వచ్చాడు. 2008 ఫిబ్రవరిలో ప్రాణం తీసుకున్నాడు. గైడ్‌ను కేటాయించలేదు, ఫెలోషిప్ ఆగిపోయింది. ఆ తర్వాత ఎనిమిదేళ్లకు, 2016 జనవరి 17న, అదే ప్రాంగణంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల. అతని చివరి ఉత్తరం గురించి చాలామంది చాలా రాశారు. నక్షత్రాల గురించి రాసిన వాక్యాలే అందరికీ గుర్తున్నాయి. అందులో ఒక లెక్క కూడా ఉంది: తనకు రావలసిన ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్బై అయిదు వేలు. ఆ లెక్కను మనం తగినంత చదవలేదని నా అభిప్రాయం.

వివక్షను అరికట్టమని, సమాన అవకాశాల విభాగం పెట్టమని యూజీసీ 2012లోనే నిబంధనలు ఇచ్చింది. రెండో మరణం ఆ నిబంధనలు వచ్చిన తర్వాతే జరిగింది.

ఇక అంశాల సంగతి. ఏ చదువుకు గుర్తింపు ఇవ్వాలో మరొకరు నిర్ణయించడం ఈ పేటకు పాత కథే. 1928లో మాడపాటి హనుమంతరావు గారు మొదలుపెట్టిన బాలికల పాఠశాల నారాయణగూడలో నిలబడింది. ఆడపిల్లలకు తెలుగులో చదువు. దేశభాషలో ఉన్నత విద్య చెప్పవచ్చని నిరూపించిన ఉస్మానియా యూనివర్సిటీ అప్పటికే ఊళ్లో ఉంది, కాని అప్పట్లో ఆ భాష ఉర్దూ. తెలుగు బడికి అక్కడ గుర్తింపు దొరకలేదు. పూనాలో కర్వే మహిళా విశ్వవిద్యాలయం దాకా వెళ్లి తెచ్చుకోవాల్సి వచ్చింది. బడి మనదే, పిల్లలు మనవాళ్లే, ముద్ర మాత్రం పరాయి ఊరిది.

అదే ఉస్మానియాలో 1950లలో బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాల మీద పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్నారు. పల్లె పాట సిద్ధాంత గ్రంథమైంది. అది పెద్ద మలుపు. ఆయన పట్ల గౌరవం తగ్గించకుండానే ఒక మాట అనాలి. ఆ తర్వాత మన తెలుగు శాఖల్లో పాడినవాళ్లు చాలాకాలం సమాచారం ఇచ్చేవాళ్లుగానే మిగిలిపోయారు. ఇప్పుడు వాళ్ల మనవరాళ్లు దరఖాస్తు పట్టుకుని వస్తున్నారు. తమ వాడ గురించి తామే రాస్తామంటే, “నీ గురించి నువ్వే రాసుకుంటే అది పరిశోధన ఎలా అవుతుంది?” అని అడిగే ఇంటర్వ్యూ బోర్డులు నేను చూశాను. తన అగ్రహారం గురించి రాసిన పండితుణ్ణి ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. రచయిత్రి గోగు శ్యామల దళిత స్త్రీల రచనలను ‘నల్లపొద్దు’గా కూర్చింది 2003లో, దళిత నాయకురాలు సదాలక్ష్మి గారి జీవితాన్ని ‘నేనే బలాన్ని’గా తెచ్చింది 2011లో. ఆ పనికి ఆసరా అయింది అన్వేషి లాంటి స్వచ్ఛంద పరిశోధనా కేంద్రం, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ లాంటి ప్రచురణ సంస్థ. తెలుగు శాఖలు ఆ పుస్తకాలను తర్వాత పాఠాలుగా పెట్టుకోవచ్చు, మంచిదే. ముందు ఆ పని చేయించాల్సింది ఆ శాఖలే కదా.

ఏం చేయాలంటే, ఖర్చు లేనివి కొన్ని ఉన్నాయి. చేరిన ఇన్ని రోజుల్లోపు గైడ్‌ను ఇవ్వాలని తేదీ పెట్టండి; ఎవరూ ముందుకు రాకపోతే శాఖాధ్యక్షుడే బాధ్యత తీసుకోవాలి. ఏ విద్యార్థి ఏ గైడ్ దగ్గర ఉన్నాడో, ఇచ్చిన అధ్యాయం ఎప్పుడు తిరిగొచ్చిందో నోటీసు బోర్డు మీద పెట్టండి. ఫెలోషిప్ ఆలస్యమైతే జవాబు చెప్పే అధికారి పేరు కూడా అక్కడే ఉండాలి.

ఖర్చుతో కూడింది ఒకటి: అధ్యాపకుల నియామకం. యూజీసీ లెక్క ప్రకారం ఒక ప్రొఫెసర్ ఎనిమిది మందికి, అసోసియేట్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి మార్గదర్శకత్వం వహించకూడదు. మంచి నియమమే. కాని మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి పోస్టులు ఖాళీగా పడి ఉన్నాయి. రిటైరైన ప్రతి ప్రొఫెసర్‌తో ఎనిమిది చోట్లు పోతున్నాయి. కాంట్రాక్టు మీద పాఠం చెప్పే అధ్యాపకుడికి గైడ్‌షిప్ రాదు. వైస్ ఛాన్సలర్లు ఇద్దరు ఈ సభలో ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. నియామకాల ఫైలు ఎక్కడుందో, ఉపన్యాసం అయ్యాక ప్రశ్నల సమయంలో వారే చెబితే బాగుంటుంది.