కొత్త న్యూరాన్ ఎక్కడ కుదురుకుంటుంది?



మెదడులో పోయిన కణం మళ్లీ రాదని చాలాకాలం పాఠాల్లో చెప్పారు. 1965లో జోసెఫ్ ఆల్ట్‌మన్, గోపాల్ దాస్ ఎలుకల మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లో పుట్టుక తర్వాత కూడా కొత్త న్యూరాన్లు పుడుతున్నాయని చూపించారు. శాస్త్రలోకం దాన్ని దశాబ్దాలపాటు పట్టించుకోలేదు.

1997లో జాక్ పేరెంట్, డేనియల్ లోవెన్‌స్టీన్ బృందం ఎలుకలకు పైలోకార్పిన్ అనే మందు ఇచ్చి ఎడతెగని ఫిట్స్ తెప్పించింది. ఆ తర్వాత డెంటేట్ గైరస్‌లో కొత్త కణాల పుట్టుక ఎన్నో రెట్లు పెరిగింది. మెదడు తన గాయాన్ని తానే మాన్చుకుంటోందని ఎవరికైనా ఆశ పుడుతుంది. నాకూ పుట్టింది. కానీ ఆ కణాల్లో కొన్ని తమ పొరలో ఆగకుండా పక్కనున్న హైలస్ అనే భాగంలోకి జారిపోయాయి, పొరుగు కణాలతో పెట్టుకోకూడని సంబంధాలు పెట్టుకున్నాయి. డెంటేట్ గైరస్ అంటే హిప్పోక్యాంపస్‌కు కాపలా ద్వారం. లోపలికి దూసుకొచ్చే సంకేతాలను వడకట్టాల్సిన ఆ చోటే ఉద్రేకాన్ని పెంచే వలయంగా మారే ప్రమాదం ఏర్పడింది. 2015లో జెన్నీ షే బృందం చుంచెలుకల్లో ఈ కణాల పుట్టుకను ముందే ఆపేస్తే, తర్వాత వచ్చే ఫిట్స్ తగ్గాయి, జ్ఞాపకశక్తి లోపమూ సర్దుకుంది.

అయితే మూర్ఛ వ్యాధి ముదిరాక కథ తిరగబడుతుంది. నెలల తరబడి మూర్ఛతో ఉన్న ఎలుకల్లో కొత్త న్యూరాన్ల పుట్టుక బాగా పడిపోతుందని 2004లో అశోక్ శెట్టి బృందం చూపించింది. ఇక మనుషుల్లో, పెద్దవాళ్ల మెదడులో అసలు ఎన్ని కొత్త న్యూరాన్లు పుడతాయన్నదానిపై 2018లో వెలువడిన రెండు పరిశోధనలు ఒకదానికొకటి ఎదురు నిలిచాయి. ఆ వాదం ఇంకా తెగలేదు.

యువ వైద్యులారా, రేపు మీ దగ్గరికి ఒక తల్లి వస్తుంది. కొత్త కణాలు ఎక్కించి మూర్ఛ పూర్తిగా నయం చేస్తామన్న ప్రకటన చూపించి, "బాబూ, మా పిల్లాడికి ఇది చేయిద్దామా?" అని అడుగుతుంది. ఏ కణం, ఎప్పుడు, ఎక్కడ కుదురుకుంటుందో చెప్పలేని చికిత్సకు ఇల్లు తాకట్టు పెట్టవద్దని ఆమెకు ఓపిగ్గా చెప్పండి. సరైన నిర్ధారణ, మందులు అందితే మూర్ఛ ఉన్నవాళ్లలో 70 శాతం వరకు ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మందు మధ్యలో ఆపవద్దని, ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాలు పెట్టకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టమని, 5 నిమిషాలు దాటితే ఆసుపత్రికి పరుగెత్తమని చెప్పండి. తెలుగులోనే, ఆమెకు అర్థమయ్యేదాకా.