కెమెరా మెనూలో మొదట చూడాల్సిన రెండు వరుసలు
(సంఘం సాంస్కృతిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పెద్దవాళ్ల ఫొటోలు, మన చేతిపనుల ఫొటోలు పిల్లల చేతనే తీయించాలని సంఘం అనుకుంది. తీసే పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని పిలిచారు. మేము స్టూడియో పెట్టుకున్నవాళ్లం కాదు. బి.ఎడ్. చదివి హాస్టల్‌లో పిల్లల మధ్య ఉంటున్నవాళ్లం. దాత ఒకరు ఇచ్చిన పాత డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరాను పిల్లలతోపాటే కూర్చుని నేర్చుకున్నాం. ఎక్కడ నిలబడాలి, ఎట్లా తీయాలి అనేది ఇంకో రోజు మాట్లాడుకుందాం. బటన్ నొక్కకముందే మెనూలో చూసుకోవాల్సిన రెండు వరుసల గురించే ఈరోజు చెప్తాం. ఒకటి ఇమేజ్ క్వాలిటీ, రెండోది ఇమేజ్ సైజ్.

ఇంత చిన్న విషయానికి సభ ఎందుకని మీకు అనిపించవచ్చు. మన ఫొటోలను ఇంతవరకు ఎవరు తీశారో ఒకసారి చూడండి. 1909లో మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సాయంతో దక్షిణాది కులాలు, తెగల గురించి ఏడు సంపుటాలు అచ్చు వేయించారు. అందులో మనవాళ్ల బొమ్మలు ఉన్నాయి. చాలా బొమ్మల కింద తెగ పేరే ఉంటుంది, మనిషి పేరు ఉండదు. 1871లో పుట్టిన నేరస్థ తెగల చట్టం 1911 తరువాత మద్రాసు రాజధానికీ వచ్చింది. మన ఎరుకలవాళ్ల వేలిముద్రలు పోలీసు రికార్డులకు ఎక్కాయి. దేశమంతటా ఆ చట్టం పోయింది 1952లోనే. అంటే మన ముఖాలను, మన వేళ్లను చాలాకాలం ఎవరో తమ అవసరానికి రాసుకున్నారు. ఇప్పుడు కెమెరా మన పిల్లల చేతిలో ఉంది. వాళ్లు తీసింది యాభై ఏళ్ల తరువాత కూడా చూసుకునేట్టు ఉండాలి. అది ఆ రెండు వరుసల దగ్గరే మొదలవుతుంది.

ముందు సైజ్ సంగతి. డిజిటల్ ఫొటో అంటే చుక్కల ముగ్గు. 1975లో కొడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ చేసిన మొదటి డిజిటల్ కెమెరా ముగ్గులో అడ్డంగా 100, నిలువుగా 100, మొత్తం పదివేల చుక్కలే. ఆ నలుపు తెలుపు బొమ్మను క్యాసెట్ టేపు మీద రాయడానికి 23 సెకన్లు పట్టేది. మన హాస్టల్ కెమెరాలో అడ్డంగా 6000, నిలువుగా 4000 చుక్కలు ఉన్నాయి. గుణిస్తే 2 కోట్ల 40 లక్షలు. దాన్నే 24 మెగాపిక్సెల్ అంటారు. మంచి అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు లెక్క. 6000ను 300తో భాగిస్తే 20 అంగుళాలు, 4000ను భాగిస్తే 13 అంగుళాలపైన వస్తుంది. గోడకు తగిలించే పటానికి అది చాలు. మెనూలో లార్జ్, మీడియం, స్మాల్ అని కనిపించేది ఈ చుక్కల లెక్కే. స్మాల్ పెట్టి తీస్తే కెమెరా చుక్కలను తగ్గించి దాస్తుంది. తగ్గిన చుక్కలు మళ్లీ రావు.

రెండోది క్వాలిటీ. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. సైజ్ అంటే చీర ఎన్ని గజాలు అన్నది. క్వాలిటీ అంటే ఆ చీరను పెట్టెలో ఎంత గట్టిగా కుక్కారు అన్నది. నికాన్ కెమెరాల్లో ఫైన్, నార్మల్, బేసిక్ అని మూడు ఉంటాయి. ఫైన్‌లో ఫైలును దాదాపు నాలుగో వంతుకు, నార్మల్‌లో ఎనిమిదో వంతుకు, బేసిక్‌లో పదహారో వంతుకు కుదిస్తుంది. క్యానన్‌లో మాటలకు బదులు చిన్న గుర్తులు ఉంటాయి. అంచు నున్నగా తిరిగిన పావు వృత్తం ఉంటే ఫైన్, అంచు మెట్లు మెట్లుగా ఉంటే నార్మల్. అందువల్ల లార్జ్ బేసిక్ అంటే గజాలన్నీ ఉన్నా నలిగిపోయిన చీర. స్మాల్ ఫైన్ అంటే మడత నలగని చిన్న ముక్క. మనకు కావలసింది లార్జ్ ఫైన్.

ఈ కుదించే పద్ధతి పేరు జేపెగ్. 1992లో ఇది అంతర్జాతీయ ప్రమాణంగా ఖాయమైంది. ఇది బొమ్మను అడ్డం 8, నిలువు 8 చుక్కల గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడిలో కంటికి అంతగా పట్టని సన్న తేడాలను పారేస్తుంది. ఫైన్‌లో పారేసేది కొంచెమే, మనకు తెలియదు. బేసిక్‌లో ఎక్కువ పారేస్తుంది కాబట్టి గళ్లు బయటపడతాయి. ఈత బద్దల బుట్ట ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. బద్ద మీద బద్ద ఎక్కిన చోట, అంచు కట్టిన చోట మసక మసకగా ముద్ద కట్టి కనిపిస్తుంది. బుట్ట అల్లే మనిషి పనితనమంతా ఆ సన్న తేడాల్లోనే ఉంది. రేపు మనవరాలు ఆ ఫొటో చూసి అల్లిక నేర్చుకోవాలంటే బేసిక్ పనికి రాదు.

ఇక రా ఫైలు. క్వాలిటీ వరుసలోనే ఇది కూడా ఉంటుంది. నికాన్‌లో దాని పేరు ఎన్.ఇ.ఎఫ్., క్యానన్‌లో సి.ఆర్.2 లేదా సి.ఆర్.3, సోనీలో ఎ.ఆర్.డబ్ల్యూ. మన చిత్తూరు జిల్లావాళ్లకు దీన్ని చెప్పడం సులభం. రా అంటే తోటలో కోసిన తోతాపురి కాయ. జేపెగ్ అంటే ఫ్యాక్టరీలో డబ్బాకు ఎక్కిన గుజ్జు. కాయ చేతిలో ఉంటే ఊరగాయ పెట్టుకోవచ్చు, పప్పులో వేసుకోవచ్చు, గుజ్జు కూడా తీసుకోవచ్చు. గుజ్జు నుంచి కాయను మాత్రం తెచ్చుకోలేం. కెమెరా జేపెగ్ చేసేటప్పుడు వెలుగు ఎంత, రంగు ఎట్లా, ఎంత పదును అన్నది తనే తేల్చేసి మిగిలింది పారేస్తుంది. రా ఫైలులో ఆ నిర్ణయం మన చేతిలో ఉంటుంది. లెక్క చెప్పాలంటే జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు. 12 బిట్ల రా ఫైలులో 4096 మెట్లు, 14 బిట్లదైతే 16384 మెట్లు.

ఆ మెట్లతో మనకేం పని అంటే, మన ఇళ్లే జవాబు. గుడిసె లోపల చీకటి. గుమ్మం బయట ఏప్రిల్ ఎండ. గుమ్మంలో కూర్చున్న అవ్వను తీస్తే ముఖం నల్లగా మూసుకుపోతుంది, లేదా వెనకాల ఆకాశం సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంది. జేపెగ్‌లో ముఖాన్ని వెలిగించబోతే మచ్చలు మచ్చలుగా వస్తుంది. రా ఫైలైతే నీడలో దాగిన ముడతలు, కంటి మెరుపు చాలావరకు బయటికి వస్తాయి. సుగాలి అమ్మల అద్దాల రవికెకూ ఇదే మాట. అద్దం మీద పడిన ఎండ, దాని పక్కనే ఎర్ర గుడ్డ మీద సూది కుట్టు, రెండూ దక్కాలంటే మెట్లు ఎక్కువ ఉండాలి. హాస్టల్ బల్బుల కింద ఫొటో పచ్చగా వచ్చినా, రా ఫైలులో వైట్ బ్యాలెన్స్‌ను తరువాత కూడా సరిచేసుకోవచ్చు. అయితే ఒక్క మాట. అద్దం పూర్తిగా తెల్లబడి రంగు పోయి ఉంటే రా కూడా దాన్ని తిరిగి తేలేదు. వెలుగు చూసుకునే తీయాలి.

రంగు గురించి ఇంకొంచెం చెప్పాలి. ఫిల్ము కాలంలో కొడాక్ వాళ్లు ఫొటో ల్యాబులకు రంగు సరిచూసుకోవడానికి ఒక తెల్లజాతి యువతి ఫొటోను పంపేవాళ్లు. దాన్ని షర్లీ కార్డు అనేవారు. ఆమె ఒంటిరంగు సరిగ్గా వస్తే ఫొటో సరిగ్గా వచ్చినట్టే లెక్క. నల్లని వాళ్ల ముఖాలు ఎట్లా వచ్చాయన్నది చాలాకాలం ఎవరికీ పట్టలేదు. ఇప్పటి ఫోన్లలో బ్యూటీ అనే మీట ఉంది. అది ముడతలను తుడిచి, ముఖాన్ని తెల్లగా చేసి, ఆ తుడిచిన ముఖాన్నే జేపెగ్‌గా దాస్తుంది. మన పెద్దవాళ్లను తీసే ముందు ఆ మీట ఆపేయండి.

మా హాస్టల్‌లో చదివే ఒక యానాది పాప సంగతి చెప్తాం. వాళ్ల అవ్వ ఆకు మందులు తెలిసిన మనిషి. చుట్టుపక్కల కాలనీలకంతా ఆమె అవ్వే. ఆమె పోయాక పటం కట్టించాలని ఇంట్లో వెతికితే ఉన్నది ఒక్కటే ఫొటో. ఎవరో పెళ్లిలో తీసిన గుంపు ఫొటో అది. వాట్సాప్‌లో నాలుగు చేతులు మారి వచ్చింది. ఆ గుంపులో అవ్వ ముఖం వేలిగోరంత ఉంది. ఒక స్టూడియోలో ఇస్తే దాన్ని పెద్దది చేశారు. గళ్లు కనబడకుండా నున్నగా దిద్ది, నాలుగు ఛాయలు తెల్లగా చేసి, బంగారు రంగు చట్రంలో బిగించి ఇచ్చారు. పాప దాన్ని చూసి, “మేడమ్, ఇది మా అవ్వ కాదు” అన్నది. మాకు ఏం చెప్పాలో తోచలేదు. ఆ ఇంట్లో ఆ పటానికే పూలు పెడుతున్నారు.

ఆ ఫొటో ఎందుకట్లా అయిందో పిల్లలకు వివరంగా చెప్పాం. మామూలుగా వాట్సాప్‌లో పంపితే ఫొటో పొడవు దాదాపు 1600 చుక్కలకు తగ్గుతుంది, పైగా గట్టిగా కుదుస్తుంది. 1600ను 300తో భాగిస్తే ఐదు అంగుళాల చిల్లర. హెచ్.డి. అని ఎంచుకుంటే కొంత నయం, కానీ అదీ అసలు ఫైలు కాదు. అసలు ఫైలు పోవాలంటే డాక్యుమెంట్‌గా జతచేసి పంపాలి. ఇంకో అపోహ కూడా ఉంది. జేపెగ్‌ను తెరిచి చూసినంత మాత్రాన అరగదు, కాపీ చేసినా అరగదు. తెరిచి మార్చి మళ్లీ సేవ్ చేసిన ప్రతిసారీ కొంత పోతుంది. కాబట్టి అసలును ముట్టకుండా, నకలు మీద పని చేయండి.

ఇక ఏ పనికి ఏ సెట్టింగ్ అంటారా? హాస్టల్ ఆటల పోటీలకు, వార్షికోత్సవానికి లార్జ్ ఫైన్ జేపెగ్ చాలు. పరుగు పందెంలో వరసగా నొక్కుతుంటే రా ఫైళ్లు బరువెక్కి కెమెరా మధ్యలో ఆగిపోతుంది, గెలిచిన పిల్ల గీత దాటి పోతుంది. పెద్దవాళ్ల ముఖాలు, బుట్టలు, రవికెలు, చీకటి ఇళ్లు, పాత ఫొటోలు, పాత పట్టా కాగితాల నకళ్లు, వీటికి రా ప్లస్ జేపెగ్ ఫైన్ పెట్టండి. జేపెగ్ ఆ రోజే ఇంటివాళ్లకు ఇవ్వచ్చు, రా దాచుకోవచ్చు. ఫోన్లతో తీసేవాళ్లు కూడా సెట్టింగుల్లో పూర్తి రిజల్యూషన్ ఉందో లేదో చూడండి. కొత్త ఫోన్లలో హెచ్.ఇ.ఐ.సి. అనే రకం ఫైలు వస్తుంది. అది మంచిదే గానీ కొన్ని పాత కంప్యూటర్లలో తెరుచుకోదు. ఇచ్చిపుచ్చుకోవడానికి జేపెగ్ పెట్టుకోండి.

చోటు చాలదన్న భయం వద్దు. మా కెమెరాలో లార్జ్ ఫైన్ ఫైలు దాదాపు 10 ఎం.బి., రా దాదాపు 25 ఎం.బి. ఉంటాయి. 32 జి.బి. కార్డులో జేపెగ్ ఒక్కటే అయితే మూడువేల దాకా, రెండూ కలిపితే 850 దాకా పడతాయి. ఒక కాలనీకి పోయి రావడానికి అది ఎక్కువే. దరఖాస్తులకు 50 కె.బి. లోపు ఫొటో కావాలంటే నకలును చిన్నది చేయండి, అసలును కాదు.

ఇంటికి వచ్చాక పని ఇంకా ఉంది. కార్డు ఖాళీ చేయకముందే రెండు వేర్వేరు చోట్ల కాపీ పెట్టాలి. ఒకటి హాస్టల్ కంప్యూటర్‌లో ఉంటే ఇంకొకటి సంఘం హార్డ్ డిస్కులో ఉండాలి. రా ఫైలు ఆ కంపెనీకి చెందిన రకం కాబట్టి ముఖ్యమైన వాటిని టిఫ్ అనే ఫైలుగా కూడా మార్చి దాచాలి. టిఫ్ కుదించినా ఏమీ పారేయని పద్ధతులు ఉన్నాయి. ఆరిపోతున్న పాత పత్రాలను కాపాడే బ్రిటిష్ లైబ్రరీ పథకం కూడా టిఫ్‌నే అడుగుతుంది. ఆదిలాబాద్ గోండులను, నల్లమల చెంచులను 1940లలో ఫొటోలు తీసిన హైమెండార్ఫ్ సేకరణ లండన్‌లోని సోయాస్‌లో ఇప్పటికీ భద్రంగా ఉంది. ఆయన ఫిల్ము మీద తీశాడు. ఫిల్ము నెగెటివ్ ఉంటే ఎన్నిసార్లయినా కొత్తగా ప్రింటు వేసుకోవచ్చు. మన రా ఫైలే మన నెగెటివ్.

చివరగా, ఏ మెనూలోనూ లేని సంగతి ఒకటి. తీసే ముందు అవ్వను, తాతను అడగాలి. వద్దంటే నమస్కారం పెట్టి రావాలి. సరేనంటే ఫైలుకు వాళ్ల పేరు, ఊరు, తేదీ రాయాలి. వాళ్లు తమ పేరు ఎట్లా పలుకుతారో అట్లాగే రాయాలి. ఎడ్గార్ థర్‌స్టన్ పుస్తకంలో లేని పేర్లు మన ఫొటోల కింద ఉండాలి.

పిల్లలూ, ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి ఒక్కొక్కరు మీ ఇంట్లో ఒక పెద్దమనిషి ఫొటో తెండి. కెమెరా కావాలంటే మా దగ్గర రిజిస్టర్‌లో సంతకం పెట్టి తీసుకుపోండి. బయలుదేరేముందు మెనూ తెరిచి ఆ రెండు వరుసలు మాకు చూపించి పోవాలి.