డ్రమ్ములో వెన్నపండు చెట్టు: ఆకలి, అజీర్తి
(మన సంఘం వార్షిక సమావేశంలో బడంగ్‌పేట్ సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



ఇంతసేపూ డి.ఎ. బకాయిల గురించి శ్రద్ధగా విన్నారు. ఇక కాసేపు మిద్దె మీద మొక్క గురించి వినండి. కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నది అవకాడో పెంపకం గురించి. మనవాళ్ళు వెన్నపండు అంటారు. నేను తోటల శాఖలో పనిచేసినవాణ్ణి కాను. ట్రెజరీలో బిల్లులు పాసు చేసినవాణ్ణి. కనుక శాస్త్రం కంటే అనుభవమే ఎక్కువగా చెబుతాను. అందులో ఒక తప్పు కూడా ఉంది. దాన్ని దాచకుండా చెప్పాలనే ఇవాళ ఒప్పుకున్నాను.

ఈ చెట్టు పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలు. మన దేశంలో కూర్గు, నీలగిరులు, వయనాడు, సిక్కిం వంటి చల్లని చోట్ల బాగా పండుతుంది. కూర్గులోని చెట్టళ్ళి పరిశోధన కేంద్రం నుంచి అర్క సుప్రీం, అర్క కూర్గ్ రవి అనే రకాలు వచ్చాయి. మన బడంగ్‌పేట్ ఎండ ఈ చెట్టుకు అత్తవారిల్లే తప్ప పుట్టిల్లు కాదు. ఇది ముందే తెలుసుకుంటే సగం బాధ తప్పుతుంది. వేడిని కొంత ఓర్చుకునేది వెస్టిండియన్ జాతి. కొనేటప్పుడు ఆ జాతి అంటు మొక్కనే అడగండి. దుకాణంలో దొరికే నల్లతోలు పండు ‘హాస్’ రకం మన వేసవికి అంతగా తట్టుకోదు.

హాస్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. రుడాల్ఫ్ హాస్ కాలిఫోర్నియాలో ఉత్తరాలు బట్వాడా చేసే తపాలా ఉద్యోగి. మనలాంటి జీతగాడే. ఆయన తోటలో గింజ నుంచి మొలిచిన ఒక చెట్టుకు అంటు కట్టబోతే అతకలేదు. సరే, దాని మానాన దాన్ని పెరగనిచ్చారు. ఆ చెట్టు పండే పిల్లలకు నచ్చింది. 1935లో ఆయన దానికి పేటెంటు తీసుకున్నారు. దానివల్ల ఆయన ధనవంతుడు కాలేదు, ఉద్యోగం చేసుకుంటూనే ఉన్నారు. ఇవాళ ప్రపంచమంతా తింటున్నది ఎక్కువగా ఆ చెట్టు సంతతినే. ఉద్యోగి పెంచిన మొక్కను ఎవరూ తేలిగ్గా చూడకూడదని చెప్పడానికే ఇది చెప్పాను.

ఇక నా కథ. 2017లో మా అబ్బాయి తెచ్చిన పండులోని గింజను మా ఆవిడ పారేయకుండా తడి ఇసుకలో పెట్టింది. నెలన్నరకు పగిలి మొలిచింది. దాన్ని 20 లీటర్ల రంగు డబ్బాలోకి మార్చి రెండేళ్ళు కంటికి రెప్పలా చూసుకుంది. 2019 మే నెలలో ఆమెకు మోకాలి ఆపరేషను అయింది. మొక్క బాధ్యత నా మీద పడింది.

ఎండకు ఆకులు వాలాయి. నేను ఆకలి అనుకున్నాను. పిడికెడు యూరియా, పిడికెడు డి.ఎ.పి. మిట్టమధ్యాహ్నం డబ్బాలో వేసి, పైన బోరు నీళ్ళు పోశాను. మూడో రోజుకు ఆకుల అంచులు మాడాయి. వారానికల్లా కాండం నల్లబడింది.

ఎందుకు చచ్చిందో తర్వాత అర్థమైంది. ఆవకాయ కలిపినప్పుడు ఉప్పు తగిలి ముక్క లోపలి నీరంతా ఊటగా బయటికి వస్తుంది కదా. డబ్బాలో ఎరువు ఎక్కువైతే వేళ్ళకూ అదే గతి. పొలంలో అయితే ఉప్పు పక్కకు, కిందికి పోతుంది. డబ్బాలో ఎక్కడికి పోతుంది? పైగా ఈ చెట్టుకు వేళ్ళు చాలా పైపైన ఉంటాయి, బహు సుకుమారం. మన బోరు నీళ్ళలోని లవణాలకే ఆకు కొనలు మాడే జాతి ఇది. నిల్వ చూడకుండా బిల్లు పాసు చేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. నేను చేసింది అదే.

ఆ తప్పు నేర్పిన పద్ధతులు ఇవి. ఇష్టమున్నవారు రాసుకోవచ్చు.

మొదటిది తొట్టి. చిన్న మొక్కను 20 లీటర్ల డబ్బాలో మొదలుపెట్టి, వేళ్ళు నిండాక పెద్దదానికి మార్చి, చివరకు 200 లీటర్ల డ్రమ్మును సగానికి కోయించి అందులో పెట్టాలి. అడుగున ఎనిమిది పది రంధ్రాలు ఉండాలి. ఇటుకల మీద నిలబెడితే నీరు కారిపోతుంది. కింద పళ్ళెం పెట్టవద్దు. నీరు నిలిస్తే వేరుకుళ్ళు వస్తుంది. ఈ చెట్టుకు అదే యముడు. తడిసిన డ్రమ్ము బరువు వంద కిలోలు దాటుతుంది కాబట్టి దాన్ని స్లాబు మధ్యలో పెట్టకుండా దూలం మీదుగా, స్తంభానికి దగ్గరగా పెట్టండి.

రెండవది మట్టి. ఎర్రమట్టి ఒక పాలు, కడిగిన కొబ్బరి పొట్టు ఒక పాలు, వర్మీకంపోస్టు ఒక పాలు, ముతక ఇసుక అరపాలు. నల్లరేగడి పనికిరాదు. మొక్క మొదలు మట్టిలో పూడకూడదు.

మూడవది ఎరువు. మృగశిర కార్తె వచ్చి నాలుగు వానలు పడ్డాక మొదలుపెట్టి దసరా దాకా వేయాలి. రెండు నెలలకొకసారి అరకిలో వర్మీకంపోస్టు, 50 గ్రాముల వేపపిండి అంచుల వెంట చల్లి మట్టితో కప్పాలి. రసాయన ఎరువు వేయదలిస్తే 19:19:19 లీటరు నీటికి 2 గ్రాములు మించకుండా 20 రోజులకొకసారి చాలు. ముందు మామూలు నీళ్ళతో మట్టిని తడిపి, ఆ తర్వాతే ఎరువు నీళ్ళు. చలికాలంలో తగ్గించాలి. ఏప్రిల్, మే నెలల్లో ఏ ఎరువూ వద్దు. వడదెబ్బ తగిలినవాడికి మజ్జిగ ఇస్తాం గాని విందు భోజనం పెట్టం కదా.

లేత ఆకు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే అది ఇనుము లోపం. అన్నభేది 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము లీటరు నీటిలో కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ చేయాలి. ఆకులు చిన్నవై గుత్తిగా వస్తే జింకు లోపం. జింకు సల్ఫేటు లీటరుకు 2 గ్రాములు. ఆకు కొనలు గోధుమరంగుకు మాడితే మాత్రం అది లోపం కాదు, ఉప్పు ఎక్కువవడం. దానికి మందు నీళ్ళే. కృష్ణా నీళ్ళో, పట్టిపెట్టిన వాన నీళ్ళో అడుగు నుంచి ధారగా కారేదాకా పోసి ఉప్పును కడిగేయాలి.

నాలుగవది నీరు, నీడ. వేలు రెండు కణుపుల దాకా మట్టిలోకి గుచ్చి చూడండి. పొడిగా ఉంటేనే పోయండి. మార్చి చివర నుంచి సగం ఎండను ఆపే నీడవల కట్టాలి. కాండానికి సున్నం పూస్తే ఎండకు పగలదు. మొదలుకు తగలకుండా చుట్టూ ఎండుటాకులు పరిస్తే తడి నిలుస్తుంది.

ఇప్పుడు మిగిలిన కథ. చచ్చిన మొక్కను పీకేసి, నర్సరీకి వెళ్ళి దాదాపు అంతే ఎత్తున్న అంటు మొక్క తెచ్చి అదే డబ్బాలో నాటాను. ఆమె వాకర్‌తో ఉంది, మెట్లెక్కలేదు. రోజూ కిందికి వచ్చి “మొక్క బాగుంది” అని చెప్పేవాణ్ణి. పది వారాల తర్వాత ఆమె మెల్లగా పైకెక్కి, కుర్చీలో కూర్చుని చాలాసేపు చూసి, “బాగా ఎదిగిందండీ” అంది. అంతే. నేను గండం గడిచిందనుకున్నాను.

పోయిన వారం ఈ ప్రసంగం రాసి ఆమెకు చూపించాను. అందులో ఎరువు తప్పు సంగతి లేదు, మొక్క మార్చిన సంగతి అసలే లేదు. మొత్తం చదివి, “ఇందులో ఒక్క చెట్టే ఉందేమిటండీ? మనవి రెండు కదా” అంది. నాకు నోట మాట రాలేదు. “గింజ మొక్కకు అంటు ముడి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆ ప్లాస్టిక్ పట్టీ కూడా విప్పలేదు మీరు” అంది.

“మరి ఇన్నేళ్ళూ అడగలేదేం?” అన్నాను.

“మోకాలు నొప్పితో పడుకున్న నాకు రోజూ వచ్చి మొక్క కబురు చెప్పేవారు. అబద్ధమైనా దానికోసం మీరు రెండు పూటలా మెట్లెక్కి నీళ్ళు పోశారు. చెప్పాలనిపించినప్పుడు మీరే చెబుతారనుకున్నాను” అంది.

ఆమె ఈ సభలోనే రెండవ వరుసలో కూర్చుని ఉంది. అందుకే ప్రసంగం తిరగరాసి తెచ్చాను. గింజ మొక్క చనిపోయింది నా తొందరపాటు వల్లనే. అందరి ముందూ ఒప్పుకుంటున్నాను.

ఆ ముడి గురించి మీరూ తెలుసుకోవాలి. మట్టికి జానెడు ఎత్తులో కాండం మీద వాపులా కనిపిస్తుంది. అది లేని మొక్కను అంటు పేరుతో అమ్మితే కొనవద్దు. గింజ మొక్క కాపుకు ఎనిమిది, పదేళ్ళు పట్టవచ్చు, తల్లి పండు వంటిదే కాస్తుందన్న హామీ లేదు. అంటు మొక్క మూడు నాలుగేళ్ళకు పూస్తుంది. దీని పువ్వు రెండుసార్లు విచ్చుకుంటుంది, ఒకసారి ఆడపువ్వుగా, మరొకసారి మగపువ్వుగా. అందుకే పూత వేలల్లో ఉన్నా నిలిచే పిందెలు కొద్ది. తేనెటీగలు రావాలి, పూతమీద మందు కొట్టవద్దు.

మా చెట్టు పోయిన ఏడాది పిందె పట్టింది. తొమ్మిదిలో ఏడు రాలి రెండు నిలిచాయి. ఈ పండు చెట్టున మెత్తబడదు. కోసి బియ్యం డబ్బాలో వారం ఉంచితే మెత్తబడింది. ఖర్చు లెక్క వేస్తే ఒక్కో పండు బంగారమే. పెన్షను డబ్బు లాభం కోసం ఇందులో పెట్టమని ఎవరికీ చెప్పను. ఉదయం పది మెట్లు ఎక్కడానికి ఒక పని, ఇద్దరూ కలిసి కూర్చోవడానికి ఒక నీడ కావాలనుకుంటే పెట్టండి.

మొదటి పండును ఆమే కోసింది. దాని గింజను మళ్ళీ తడి ఇసుకలో పెట్టింది. ఈసారి ఎరువు డబ్బా తాళం తన దగ్గరే ఉంచుకుంది.