విమానం ఆలస్యమైతే మనకున్న హక్కులేమిటి?

(సూరత్, సలాబత్‌పురాలో జరిగిన సభ్యుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2019 ఫిబ్రవరిలో సూరత్ నుంచి షార్జాకి విమానం మొదలయ్యేదాకా, విదేశం వెళ్ళాలంటే మనం ముంబయికో అహ్మదాబాద్‌కో పరుగెత్తేవాళ్ళం. 2023 డిసెంబరులో మన ఎయిర్‌పోర్టుకి అంతర్జాతీయ హోదా వచ్చింది. అయినా అమెరికా వెళ్ళేవాళ్ళకి ముంబయి ప్రయాణం తప్పడం లేదు. నా కథ కూడా అక్కడే జరిగింది.

నేను వైమానిక దళంలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌ని. ఫారం 700 మీద సంతకం పడందే విమానం కదలని చోట బతికినవాణ్ణి. కాబట్టి "సాంకేతిక లోపం, ఆలస్యం" అని అనౌన్సు చేస్తే నాకు కోపం రాదు. లోపం ఉన్న విమానాన్ని ఆపినవాడు నా దృష్టిలో మంచివాడు. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిర్ ఇండియా విమానం ఇంజను ఇబ్బందితో రష్యాలోని మగదాన్‌లో దిగింది. దింపిన పైలట్‌కి సెల్యూట్ కొట్టాలి. ఆ కంపెనీ తర్వాత ప్రయాణికులకు మొత్తం ఛార్జీ వాపసు ఇస్తామంది, పైగా వోచరు కూడా ఇస్తామంది.

నా విషయానికొస్తే, అదే ఏడాది చలికాలంలో అమ్మాయి కానుపుకి నేనూ మా ఆవిడా బయలుదేరాం. అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నరకి విమానం. బయలుదేరింది మర్నాడు మధ్యాహ్నం మూడింటికి. ఆ రాత్రంతా మోకాళ్ళ నొప్పులతో మా ఆవిడ ఇనప కుర్చీలోనే ఉంది. కౌంటర్లో ఒక ఫలహారం కూపను ఇచ్చారు. నేను తీసుకుని థ్యాంక్స్ చెప్పి వచ్చాను! ఫౌజీ అలవాటు కదా, లైన్లో నిలబడటమే గాని అడగడం రాదు. అమెరికాలో దిగాక ఎక్కాల్సిన లోపలి విమానానికి వేరేగా టికెట్ కొన్నాం. అది వెళ్ళిపోయింది, మళ్ళీ కొన్నాం. మేము ఆస్పత్రికి చేరేసరికి మనవరాలు పుట్టి తొమ్మిది గంటలైంది. ఆ సమయంలో పిల్ల పక్కన తల్లి లేదు. దానికి ఏ కంపెనీ లెక్క కడుతుంది చెప్పండి?

తర్వాత చదివి తెలుసుకున్నాను. మన డి.జి.సి.ఎ. నిబంధన ప్రకారం రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 లోపు బయలుదేరాల్సిన విమానం 6 గంటలకు మించి ఆలస్యమైతే హోటల్ గది ఉచితంగా ఇవ్వాలి. మిగతా వేళల్లో 24 గంటలు దాటితే ఇవ్వాలి. ప్రయాణ నిడివిని బట్టి 2, 3 లేదా 4 గంటలు దాటాక తిండి పెట్టాలి. తుపాను, అల్లర్ల వంటి కంపెనీ చేతిలో లేని కారణాలకు మినహాయింపు ఉంది. మేము ఆ రోజు గది అడగొచ్చు. అడగలేదు.

ఇక డబ్బు సంగతి. "మూడు గంటలు లేటైతే 600 యూరోలు" అని ఫోన్లో తిరిగే మెసేజి మీ అందరికీ వచ్చే ఉంటుంది. అది యూరోపియన్ యూనియన్ చట్టం. అక్కడి నుంచి బయలుదేరే ఏ కంపెనీ విమానానికైనా వర్తిస్తుంది. మన దగ్గర్నుంచి అక్కడికి వెళ్ళేటప్పుడు మాత్రం కంపెనీ కూడా యూరప్‌దై ఉండాలి. మామూలు సాంకేతిక లోపం సాకు కాదని వాళ్ళ కోర్టు 2008లోనే చెప్పింది. ముంబయి నుంచి మన కంపెనీ విమానం ఎక్కి ఆ 600 అడిగితే ఎవరూ ఇవ్వరు. మన నిబంధనల్లో టికెట్ ఉన్నా ఎక్కించుకోకపోతే, ముందు చెప్పకుండా రద్దుచేస్తే ఇంత అని ఉంది గాని, ఆలస్యానికి ఇంత అని లేదు.

మనకున్నది మాంట్రియల్ ఒప్పందం. 1999 నాటిది, భారతదేశం 2009లో చేరింది. ఆలస్యం వల్ల జరిగిన నష్టానికి కంపెనీ బాధ్యత వహించాలి. తప్పించుకోవాలంటే, చేయగలిగినదంతా చేశామని వాళ్ళే రుజువు చేసుకోవాలి. ఒప్పందంలో మనిషికి గరిష్ఠ హద్దు 2024 డిసెంబరు 28 నుంచి 6,303 ఎస్.డి.ఆర్.; మన రూపాయల్లో ఏడు లక్షల పైమాటే. ఎస్.డి.ఆర్. అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క. జాగ్రత్త, అది హద్దు మాత్రమే, బహుమతి కాదు. మీరు ఎంత నష్టం చూపిస్తే అంతే.

చూపించాలంటే కాగితం కావాలి. నా దగ్గర లేదు. రెండో టికెట్ అల్లుడు కార్డు మీద కొన్నాడు, టాక్సీ రసీదు పారేశాను, ఆలస్యానికి కారణం రాసివ్వమని అడగనేలేదు. ఫారం 700 మీద ముప్పయ్యేళ్ళు సంతకాలు చూసినవాడిని నేను! కంపెనీకి ఉత్తరం రాస్తే ఒక వోచరు పంపారు. "ఇంతటితో పూర్తి పరిష్కారం" అని కింద చిన్న అక్షరాల్లో ఉంది. అలాంటిది ఒప్పుకునే ముందు రెండుసార్లు చదవండి.

దావాకి గడువు రెండేళ్ళు. సామాను ఆలస్యమైతే అది చేతికొచ్చిన 21 రోజుల్లో, పాడైతే 7 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అంతర్జాతీయ విమాన వివాదాలు వినియోగదారుల ఫోరాలు వినవచ్చని సుప్రీంకోర్టు 2011లో తేల్చింది. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. ముందుగా 1915కి ఫోన్ చేసి హిందీలో మాట్లాడినా ఫిర్యాదు నమోదవుతుంది.

ఇందాక ఒక తమ్ముడు, గల్ఫ్ నుంచి తండ్రి అంత్యక్రియలకు వస్తూ అందుకోలేకపోయానని, ఏడాది దాటిందని చెప్పాడు. గడువు ఇంకా ఉంది నాయనా. బోర్డింగ్ పాసు ఉందన్నావు, సభ అయ్యాక తీసుకురా, కూర్చుని రాద్దాం.

జై హింద్.