షోపాన్ కాగితం, రఖ్మానినోవ్ చేతులు

ఎవరి పేరున ఈ ఉపన్యాసం ఏర్పాటయిందో ఆ మహనీయులకు పాత రికార్డులంటే ప్రాణం. అందుకే నేరుగా ఒక రికార్డు దగ్గరికే వెళ్తాను.

1930లో పియానో వాదకుడు రఖ్మానినోవ్ స్వరకర్త షోపాన్ రెండో సొనాటాను రికార్డు చేశాడు. అందులో మూడో భాగం శవయాత్ర సంగీతం. మిగతా సొనాటా కంటే ముందే, 1837లో, షోపాన్ దాన్ని రాసుకున్నాడు. ఎడమచేతిలో రెండు బరువైన స్వరగుచ్ఛాలు ఒకదాని వెంట ఒకటి అడుగులు వేస్తుంటాయి. మధ్యలో ఒక లేత పాట. ఆ తర్వాత మళ్ళీ అదే యాత్ర. అచ్చు ప్రతిని బట్టి అది రెండోసారి కూడా మెల్లగానే మొదలవ్వాలి. రఖ్మానినోవ్ అలా వాయించలేదు. మొదటిసారి దూరం నుంచి దగ్గరికి వస్తున్నట్టు నాదాన్ని పెంచుకుంటూ వచ్చాడు. పాట ముగియగానే ఒక్కసారిగా విరుచుకుపడి, అక్కణ్ణుంచి అంతకంతకూ తగ్గించుకుంటూ పోయాడు. ఊరేగింపు మన గుమ్మం దాటి వెళ్ళిపోయింది.

ఇది అతని సొంత చాపల్యం కాదు. అంతకు ముందు ఆంటన్ రూబిన్‌స్టీన్ ఇలాగే వాయించేవాడు. ఆయన మాస్కో కచేరీలను రఖ్మానినోవ్ కుర్రతనంలో విన్నాడు. రచయిత రాసింది మార్చే హక్కు వాదకుడికి ఎక్కడిదని అడగవచ్చు. నేను మాత్రం రఖ్మానినోవ్ పక్షమే. ఎక్కడో ఒక చోట మెరుపు కోసం ఆయన గుర్తు మార్చలేదు. మొదటి అడుగు నుంచి చివరి అడుగు దాకా ఒకే ఊహను నడిపించాడు. అయితే దాన్ని చూసి అనుకరించేవాడికి ఆ ఊహ ఉండదు, చప్పుడే మిగులుతుంది.

ఇక అచ్చును దాటి వాయించిన మరొకడు రౌల్ కొచాల్‌స్కీ. షోపాన్ శిష్యుడు మికులి, మికులి శిష్యుడు ఇతను. మన పాఠాంతరాల లాంటిదే ఈ వరస. ఎడమచెయ్యి తాళం తప్పకూడదని, కుడిచెయ్యి స్వేచ్ఛగా పాడాలని షోపాన్ చెప్పేవాడని శిష్యులు రాసిపెట్టారు. 1938 నాటి కొచాల్‌స్కీ షోపాన్ నాక్టర్న్ రికార్డులో రెండు చేతులూ కొద్దిగా విడివడి నడుస్తాయి, అచ్చులో లేని అలంకారాలు వినిపిస్తాయి. ఈనాటి పోటీ పరీక్షలో ఏ విద్యార్థయినా ఇలా వాయిస్తే మార్కులు పోతాయేమోనని నా భయం.

ఆ రోజుల్లో రికార్డుకు ఒక పక్క నాలుగు నిమిషాల చిల్లర పట్టేది. మధ్యలో స్వరం తప్పితే ఆ పక్కంతా మళ్ళీ వాయించాల్సిందే. పియానో వాదకుడు కోర్టో రికార్డుల్లో తప్పు స్వరాలు అందుకే అలాగే ఉండిపోయాయి. టేపు వచ్చాక ముక్కలు కోసి అతికించడం తేలికైంది. తప్పులు పోయినందుకు నాకు బాధ లేదు. ఒకే ఊపిరిలో సాగే ఊహ కూడా వాటితోపాటు తెగిపోతోందన్నదే నా బాధ. ఆర్థర్ రూబిన్‌స్టీన్ (ఆంటన్‌కు చుట్టం కాదు) నాక్టర్న్‌లను మూడు దశాబ్దాల వ్యవధిలో మూడుసార్లు రికార్డు చేశాడు. 1930లలో పరుగు, 1960లలో నిదానం. ఏది షోపాన్ అని నన్నడిగితే మూడూ వినమంటాను.

ఇప్పుడు 1930 నాటి ఆ శవయాత్ర రికార్డు పెడుతున్నాను. పాట ముగిసే చోట చెవి పెట్టండి.